ఆ మాట మొదట విన్నది ఎవరు? – సామాన్య పాఠకుడు బైబిలును అర్థం చేసుకుని అన్వయించుకోవడం గురించి

అందరికీ వందనాలు. ముందు బైబిళ్లు తెరవండి. యోబు గ్రంథం, 8వ అధ్యాయం, 7వ వచనం. చాలామందికి చూడకుండానే వచ్చు: "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." కొత్తగా తెరిచిన కొట్టు గోడ మీద, ఆటో వెనక అద్దం మీద, గృహప్రవేశం కార్డు మీద, జనవరి 1న మందిరంలో తీసే వాగ్దాన కార్డుల్లో ఈ మాట ఉంటుంది. మన తెలుగు సంఘాల్లో దీన్ని వినని విశ్వాసి ఉండరు.

ఇప్పుడు అదే అధ్యాయం మొదటి వచనానికి రండి. మాట్లాడుతున్నది ఎవరు? దేవుడు కాదు. ప్రవక్త కూడా కాదు. షూహీయుడైన బిల్దదు, యోబు స్నేహితుడు. ఎవరితో మాట్లాడుతున్నాడు? ఏడుగురు కొడుకుల్ని, ముగ్గురు కూతుళ్లను ఒక్క రోజులో పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న తండ్రితో. నాలుగో వచనంలో ఆ తండ్రితో అతను అంటున్నదేమిటి? నీ కొడుకులు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను వాళ్ల తిరుగుబాటుకు అప్పగించాడు అని. ఐదు, ఆరు వచనాల్లో, నువ్వు పవిత్రుడివైతే, యథార్థవంతుడివైతే ఆయన నీ పక్షాన లేస్తాడు అంటాడు. ఆ తర్వాత వస్తుంది మన ఏడో వచనం. అంటే మనం ఫ్రేము కట్టించుకున్న మాటకు ముందు ఒక షరతు ఉంది. ఆ షరతు వెనక ఒక నింద ఉంది. ఆ నింద అబద్ధమని మనకు తెలుసు, ఎందుకంటే 1వ అధ్యాయం 8వ వచనంలో యోబు యథార్థవర్తనుడని దేవుడే సాక్ష్యం చెప్పాడు. చివరికి 42:7లో ఈ స్నేహితుల గురించి దేవుడు తీర్పు కూడా ఇచ్చేశాడు: "నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు."

"అయితే ఆ వాక్యం బైబిల్లో లేదంటారా?" అని అడుగుతారు. ఉంది. బిల్దదు ఆ మాట అన్నాడని బైబిలు ఉన్నదున్నట్టు రాసింది. ఒకడు ఫలానా మాట అన్నాడని రాయడం వేరు, అతను అన్నది సరైనదని చెప్పడం వేరు. సాతాను అన్న మాటలు కూడా బైబిల్లో ఉన్నాయి.

ఇక్కడితో ఆగిపోతే మాత్రం అన్యాయం. యోబు చివరి స్థితి నిజంగానే మొదటి స్థితికంటే ఎక్కువ ఆశీర్వదించబడింది, 42:12 చూడండి. కానీ బిల్దదు చెప్పిన లెక్కలో అది రాలేదు. పాపం ఒప్పుకుంటే వ్యాపారం పెరుగుతుంది అన్న లెక్క అది. యోబు కథలోంచి విశ్వాసి ఏం తీసుకోవాలో కొత్త నిబంధన తానే చెప్పింది. యాకోబు పత్రిక 5:11 తీయండి: యోబు సహనాన్ని గురించి విన్నారు, ప్రభువు ఎంత జాలి గలవాడో ఆ ముగింపులో చూశారు అంటాడు యాకోబు. సహనం, ప్రభువు జాలి. కొట్టు గోడ మీద పెట్టుకోవడానికి ఇవి బిల్దదు మాటకంటే గట్టివి. వ్యాపారం దెబ్బతిన్న సంవత్సరంలో కూడా ఇవి నిలబడతాయి. వాగ్దానం అనుకున్నది జరగనప్పుడు విశ్వాసులు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు: దేవుడు మాట తప్పాడనుకుంటారు, లేదా తమ విశ్వాసం చాల్లేదని తమను తాము నిందించుకుంటారు. రెండో తప్పుతో కుమిలిపోతున్నవాళ్లు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల మెడ మీద ఆ బరువు పెట్టింది దేవుడు కాదు, సగం చదివిన వాక్యం. ఈ ప్రసంగానికి కారణం వాళ్లే.

ఈ రోజు నేను మీకు ఇవ్వదలచుకున్నది ఒక్క అలవాటు. ఏ వాక్యమైనా మీ దగ్గరికి రాకముందు వేరొకరి దగ్గరికి వెళ్లింది. ముందు ఆ మొదటి వినేవాడి పక్కన కూర్చోండి. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు అన్నారు? ఈ నాలుగూ తెలిశాక, "నాకేం చెబుతోంది" అని అడగండి. వరస తారుమారైతే మనం మన కోరికనే చదువుకుని, దానికి ఒక రిఫరెన్సు తగిలించుకుంటాం.

దీనికి సెమినరీ చదువు అక్కర్లేదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా గ్రంథం చదువుతున్నాడు. ఫిలిప్పు వచ్చి, చదివేది గ్రహిస్తున్నావా అన్నాడు. ఆయన అడిగిన ప్రశ్న 34వ వచనంలో ఉంది: ప్రవక్త ఈ మాట ఎవరిని గురించి చెబుతున్నాడు, తనను గురించా, వేరొకరిని గురించా? అన్యదేశస్థుడు, కొత్తగా చదువుతున్నవాడు, అయినా అడగవలసిన ప్రశ్నే అడిగాడు. "ఈ వచనం నా ప్రయాణానికి ఏం చెబుతోంది" అని అడగలేదు.

ఇప్పుడు ఒక్క భాగాన్ని దగ్గరగా చూద్దాం. యిర్మీయా 29:11. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఇది మాత్రం దేవుడు అన్న మాటే. అందుకే ఇంకా జాగ్రత్తగా చదవాలి.

29:1 నుంచి మొదలుపెట్టండి. ఇది ఒక ఉత్తరం. యెరూషలేములో ఉన్న యిర్మీయా, బబులోనులో ఉన్న చెరవారికి రాశాడు. రెండో వచనం కాలం చెబుతుంది: రాజైన యెకొన్యా, అతని తల్లి, అధిపతులు, శిల్పకారులు, కంసాలులు వెళ్లిపోయిన తర్వాత. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు పట్టుకుపోయిన మొదటి పెద్ద గుంపు అది. యెరూషలేము ఇంకా కూలలేదు, అది 586లో కూలింది. అంటే బబులోనులో ఉన్నవాళ్లకు ఇంకా ఊరుంది, ఇల్లుంది, మందిరముంది. "ఎప్పుడు తిరిగి వెళతాం?" అన్నదే వాళ్ల నోట ఉన్న ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఒక జవాబు అప్పటికే ఊళ్లో తిరుగుతోంది. వెనక్కి, 28వ అధ్యాయానికి వెళ్లండి. హనన్యా అనే ప్రవక్త మందిరంలో, అందరి ముందు, రెండేళ్లలో దేవుడు చెరవారిని తిరిగి రప్పిస్తాడని ప్రకటించాడు. బబులోనుకు లొంగి ఉండాలన్న దానికి గుర్తుగా యిర్మీయా మెడమీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. వినడానికి ఎంత బాగుందో! ఆ ఏడాది ఏడో నెలలోనే హనన్యా చనిపోయాడు. ఆ తర్వాత పేజీలో ఉంది ఈ ఉత్తరం. 29:8, 9 వచనాల్లో యిర్మీయా ఇలాంటి ప్రవక్తల గురించే హెచ్చరిస్తున్నాడు.

ఉత్తరంలో ముందు ఏముంది? ఐదు, ఆరు, ఏడు వచనాలు: ఇళ్లు కట్టుకుని కాపురముండండి. తోటలు నాటి వాటి ఫలాలు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, మీ పిల్లలకూ పెళ్లిళ్లు చేయండి. నేను మిమ్మల్ని చెరగా పంపిన పట్టణం క్షేమాన్ని కోరండి, దానికోసం ప్రార్థన చేయండి. పదో వచనం: బబులోనుకు డెబ్బై ఏళ్లు నిండాక మిమ్మల్ని దర్శిస్తాను. దాని తర్వాత మన పదకొండో వచనం.

ఆ ఉత్తరం విన్నవాళ్లలో నలభై ఏళ్ల మనిషి ఒకడున్నాడనుకోండి. ఈ వాగ్దానం నెరవేరేసరికి అతను బతికి ఉండడు. మనవళ్లు చూస్తారు. ఆ వాగ్దానం ఒక జనానికి ఇచ్చింది, ఒక్కొక్కరి ఉద్యోగానికీ వీసాకీ విడివిడిగా ఇచ్చింది కాదు. "సమాధానకరమైన ఉద్దేశములు" అనే మాటకు పక్కనే డెబ్బై ఏళ్ల ఎదురుచూపు ఉంది. పదకొండో వచనాన్ని విడదీసి "ఈ సంవత్సరం నా సమస్య తీరుతుంది" అని చదివితే, యిర్మీయా ఉత్తరంలో హనన్యా ప్రసంగాన్ని చదివినట్టవుతుంది. సందర్భం తీసేస్తే అర్థం కొంచెం మారడం కాదు, ఏకంగా తిరగబడుతుంది.

మరి మనకు ఇందులో ఏమీ లేదా? చాలా ఉంది, దారి మాత్రం కొంచెం పొడుగు. ఇక్కడ దేవుడి గురించి ఏం తెలిసింది? తన జనాన్ని శిక్షించే కాలంలో కూడా ఆయన వాళ్లను మరిచిపోలేదు. శత్రువు పట్టణంలో కూడా వాళ్ల ప్రార్థన వింటాడు, 12వ వచనం. మాట ఇచ్చి నిలబెట్టుకున్నాడు: పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 538లో చెరవారు వెళ్లవచ్చని ఆజ్ఞ ఇచ్చాడు, ఎజ్రా మొదటి అధ్యాయంలో ఉంది. దేవుడి స్వభావం మారదు కాబట్టి ఇవన్నీ మనవే. ఆజ్ఞల్లో కూడా మనకు నేరుగా తగిలేది ఉంది. కువైట్‌లోనో డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటూ, "ఇంకో రెండేళ్లు, తర్వాత ఊరికి వెళ్లిపోతాం" అని పదేళ్లుగా అనుకుంటున్న మన తెలుగు కుటుంబాలు ఎన్ని లేవు? ఇరుగుపొరుగుతో పరిచయం ఉండదు, ఉన్న ఊరి బాగోగులు పట్టవు, మనసంతా సగం కట్టి వదిలేసిన ఇంటి మీదే ఉంటుంది. వాళ్లకు ఈ ఉత్తరం చెప్పేది ఏడో వచనం: మీరున్న పట్టణపు క్షేమం కోరండి. పదకొండో వచనం కంటే వాళ్లకు అవసరమైనది అదే. అన్వయం అంటే ఇది. మొదట విన్నవాళ్ల పరిస్థితికీ మన పరిస్థితికీ నిజంగా పోలిక ఉన్నచోట వాక్యం నేరుగా తగులుతుంది. పోలిక లేనిచోట దేవుడి స్వభావం దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి మనవైపు రావాలి.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. పరిశుద్ధాత్మ బోధిస్తాడు కదా, ఇంత పరిశోధన ఎందుకు, ప్రార్థన చేసి తెరిస్తే చాలదా? దీనికి జవాబు ఈ ఉత్తరాన్నే చదివిన ఒక పాఠకుడి దగ్గర ఉంది. దానియేలు 9:2. రాజైన దర్యావేషు ఏలుబడి మొదటి సంవత్సరంలో దానియేలు బబులోనులో కూర్చుని గ్రంథాలు చదివి, యిర్మీయాకు వచ్చిన వాక్కు ప్రకారం డెబ్బై ఏళ్లు అని గ్రహించాడు. కలలు, దర్శనాలు వచ్చే మనిషి. అయినా గ్రంథం తీసి సంవత్సరాలు లెక్క చూసుకున్నాడు. మూడో వచనంలో ఉపవాసముండి ప్రార్థనకు దిగాడు. ఆ ప్రార్థనలో తన జనం పాపాన్ని ఒప్పుకున్నాడు. చదవడం, లెక్కపెట్టడం, మోకరించడం – ఈ మూడింట్లో దేన్నీ ఆయన ఇంకోదానికి అడ్డుగా పెట్టలేదు.

సరే, ఇంట్లో కూర్చుని ఎలా చదవాలి? ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎడమ పేజీలో "ఏం రాసి ఉంది" అన్నది మాత్రమే రాయండి: మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, కాలాన్ని చెప్పే మాటలు, పదేపదే వచ్చే మాటలు, "కాబట్టి", "అయితే", "ఎందుకనగా" లాంటి మాటలు. "కాబట్టి" కనపడితే వేలు అక్కడే పెట్టి పై వచనం చదవండి. కుడి పేజీలో అర్థం కానివి ప్రశ్నలుగా రాయండి. అన్వయం మొదటి రోజు రాయొద్దు. ఒకే భాగాన్ని మూడు రోజులు చదివి, మూడో రోజు రాయండి. మొదటి రోజు రాసిన అన్వయం ఎక్కువసార్లు మనకు అంతకుముందే తెలిసిన సంగతి అయి ఉంటుంది.

భాగం అంటే ఎంత? ఒక వచనం కాదు. అధ్యాయం కూడా కాకపోవచ్చు. పౌలు ఉత్తరాల్లో అధ్యాయాలు, వచనాలు వేయలేదు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు సంఘ పండితుడు చేసినది. గ్రీకు కొత్త నిబంధనలో ఈ వచన సంఖ్యలను రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేశాడు. వెతుక్కోవడానికి అవి ఎంతో ఉపయోగం, అర్థానికి మాత్రం గోడలు కావు. మొదటి కొరింథీయులు 13ను పెళ్లిళ్లలో చదువుతాం, మంచిదే. కానీ అది 12కీ 14కీ మధ్య ఉంది. కృపావరాల (పరిశుద్ధాత్మ ఇచ్చే వరాల) విషయంలో ఒకరిమీద ఒకరు గొప్పలకు పోతున్న సంఘానికి రాసిన మాటలవి. ప్రేమ డంబముగా ప్రవర్తింపదు అన్నది పెళ్లికొడుక్కంటే ముందు, సంఘంలో మైకు వదలనివాడికి చెప్పిన మాట. మధ్యలో పెట్టిన శీర్షికలు కూడా ప్రచురణకర్తలు వేసినవే, వాటి దగ్గర ఆగనక్కర్లేదు.

మన పాత తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంది. కంఠస్థానికి, కుటుంబ ప్రార్థనకు దాని అందం దానిదే. అధ్యయనానికి మాత్రం వాడుక భాషలో ఉన్న అనువాదం ఒకటి పక్కన పెట్టుకోండి. రెండూ వేరువేరుగా ఉన్నచోట గుర్తు పెట్టండి, ప్రశ్న ఉన్నది అక్కడే. సంబంధమున్న వేరే వచనాలను పక్కన చూపించే రిఫరెన్సు బైబిలు ఉంటే మంచిది. బైబిలు చివర ఉండే మ్యాపులు ఎవరూ తీయరు, తీయండి. వ్యాఖ్యానాలు, యూట్యూబ్ ప్రసంగాలు చివరికి ఉంచండి. ముందే వింటే ఆ బోధకుడి కళ్లతోనే చూస్తారు. చివర్లో వింటే ఆయన ఎక్కడ సహాయపడ్డాడో, ఎక్కడ వాక్యంలో లేనిది కలిపాడో మీకే తెలుస్తుంది. అపొస్తలుల కార్యములు 17లో, బెరయ పట్టణంలో ఉన్నవాళ్లు పౌలంతటివాడు చెప్పినవి అలాగున్నాయో లేదో ప్రతిదినం లేఖనాల్లో చూసుకున్నారు. ఆ గ్రంథం రాసిన లూకా వాళ్లను ఘనులు అన్నాడు గాని పాస్టరు మీద తిరగబడ్డారు అనలేదు.

ఆ కాలపు సంగతులు తెలిస్తే వాక్యం ఎంత తేడాగా వినిపిస్తుందో ఒక లెక్కతో చూపిస్తాను. మత్తయి 18లో క్షమించని దాసుడి ఉపమానం. అతను రాజుకు పదివేల తలాంతులు బాకీ. అతని తోటిదాసుడు ఇతనికి నూరు దేనారాలు బాకీ. దేనారం అంటే కూలివాడి ఒకరోజు జీతం, మత్తయి 20:2లోనే ఉంది. తలాంతు సుమారు ఆరువేల దేనారాలు. ఇప్పుడు రోజుకూలి 600 రూపాయలు అనుకోండి. తోటిదాసుడి బాకీ 60 వేల రూపాయలు. చిన్నమొత్తం కాదు, కూలివాడికి మూడు నాలుగు నెలల రాబడి. ఉపమానం మన గాయాన్ని చిన్నది చేయడం లేదు. అటువైపు చూడండి: పదివేల తలాంతులంటే ఆరు కోట్ల దేనారాలు, మన లెక్కలో 3,600 కోట్ల రూపాయలు. ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు పడుతుంది. "నాకు ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును" అన్న దాసుడి మాట ఎంత అయోమయమో ఇప్పుడు అర్థమైందా? రాజు వాయిదా ఇవ్వలేదు, కొట్టేశాడు. ఈ లెక్క వేయనివాడికి ఆ ఉపమానం "అందరినీ క్షమించాలి" అన్న నీతివాక్యం. వేసినవాడికి, తనను మోసం చేసిన తమ్ముడి 60 వేల పక్కన తనకు దేవుడు కొట్టేసిన 3,600 కోట్లు కనిపిస్తాయి.

లవొదికయ పట్టణంలోని సంఘం సంగతి కూడా అంతే. ప్రకటన 3లో, నువ్వు చల్లగానైనా వెచ్చగానైనా ఉంటే మేలు అంటాడు ప్రభువు. "చల్లగా ఉండటం అంటే దేవుణ్ణి వదిలేయడం, అదే నయమంటున్నాడు" అని ప్రసంగిస్తుంటాం. మ్యాపు తీయండి. ఆ పక్కనే హియెరాపొలి, అక్కడ వేడినీటి ఊటలు. ఇంకోవైపు కొలొస్సయి, అక్కడ చల్లని నీళ్లు. లవొదికయకు నీళ్లు దూరంనుంచి కాలువల్లో వచ్చేవి. వేడినీళ్లు ఒంటికి పనికొస్తాయి, చల్లని నీళ్లు దాహానికి పనికొస్తాయి. నులివెచ్చని నీళ్లు దేనికీ కావు. ఊరివాళ్లకు వెంటనే తగిలే మాట అది: మీరు దేనికీ పనికిరాకుండా పోయారు.

ఏ రకపు రచన చదువుతున్నామో కూడా చూసుకోవాలి. సామెతలు వాగ్దానాలు కావు. బాలుడు నడవవలసిన త్రోవ వాడికి నేర్పితే పెద్దయ్యాక తొలగిపోడు అన్న 22:6, లోకంలో సాధారణంగా జరిగే తీరును చెప్పే జ్ఞానం. దాన్ని గ్యారంటీగా చదివి, పిల్లాడు దారి తప్పినప్పుడు తల్లిని నిలదీసే సంఘాలున్నాయి. ఆ తల్లికి అది ఎంత క్రూరమో ఆలోచించండి. సామెతలు 26:4 మూర్ఖుడికి జవాబియ్యవద్దంటుంది, 26:5 జవాబియ్యమంటుంది. పక్కపక్కనే పెట్టారు. ఎప్పుడు ఏది అన్నది చదివేవాడే తేల్చుకోవాలని సామెతల గ్రంథమే నేర్పుతోంది.

చరిత్ర భాగాలు జరిగింది చెబుతాయి. జరిగిందల్లా చేయమని కాదు. గిద్యోను గొఱ్ఱెబొచ్చు నేల మీద పెట్టి, ఒకసారి బొచ్చు మాత్రమే మంచుకు తడవాలని, ఇంకోసారి నేల మాత్రమే తడవాలని, రెండుసార్లు గుర్తు అడిగాడు, న్యాయాధిపతులు 6వ అధ్యాయం. మనవాళ్లు పెళ్లి సంబంధాలకు, ఉద్యోగాలకు అదే పద్ధతి పెడతారు. కానీ 14, 16 వచనాల్లో, ఇశ్రాయేలును రక్షించడానికి వెళ్లమని దేవుడు అంతకుముందే స్పష్టంగా చెప్పాడు. గిద్యోను అడిగింది దేవుడి చిత్తం తెలియక కాదు, తెలిసినదాన్ని నమ్మలేక. 39వ వచనంలో, నా మీద కోపపడకు అని అతనే భయపడుతున్నాడు. అక్కడ కనిపించే మేలు దేవుడి ఓర్పు.

ఉపమానాల్లో ప్రతి వస్తువుకూ ఒక రహస్యార్థం వెతకడం మన ప్రసంగాల్లో బాగా పాతుకుపోయింది. మంచి సమరయుని కథలో పూటకూళ్ల ఇల్లు సంఘమని, యజమాని అపొస్తలుడని తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీను కాలంలోనే చెప్పారు. మన దగ్గర రెండు దేనారాలు రెండు నిబంధనలైపోయాయి. కానీ ఆ కథ ఎందుకు చెప్పాడో లూకా 10:29లోనే ఉంది: నా పొరుగువాడెవడు అని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగాడు. 37లో "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అన్నాడు యేసు. రహస్యార్థాల్లో పడితే ఆ రోడ్డు మీద పడి ఉన్న మనిషిని దాటిపోతాం, యాజకుడూ లేవీయుడూ దాటిపోయినట్టే.

ఇక ధర్మశాస్త్రం. అందరూ తడబడేది ఇక్కడే, అందుకే ఒకే అధ్యాయం తీస్తాను, లేవీయకాండము 19. 18వ వచనం: నిన్ను వలె నీ పొరుగువాని ప్రేమింపుము. తర్వాతి వచనం: రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట వేసుకోవద్దు. పక్కపక్కనే! మొదటిది పాటిస్తాం, రెండోది వదిలేస్తాం. ఇష్టం వచ్చినట్టు ఏరుకుంటున్నామా? కాదు, ఏరడానికి పద్ధతి ఉంది. క్రీస్తు, అపొస్తలులు ఈ ఆజ్ఞతో ఏం చేశారు అని ముందు చూడాలి. 18వ వచనాన్ని యేసు రెండో ఆజ్ఞగా నిలబెట్టాడు. కలనేత బట్ట గురించి కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. ఇశ్రాయేలును చుట్టూ ఉన్న జనాలనుంచి వేరుగా ఉంచిన గుర్తుల్లో అది ఒకటి. ఆ గోడను క్రీస్తు తీసేశాడని ఎఫెసీయులు 2 చెబుతుంది. 13వ వచనం, కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. దీన్ని యాకోబు 5:4 మరింత కఠినంగా చెబుతోంది. అంటే అది మనకు ఉన్నదున్నట్టే.

తొమ్మిది, పది వచనాలు చూడండి. పొలం అంచులదాకా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయాలి. రూతు రెండో అధ్యాయంలో బోయజు పొలంలో జరిగింది ఇదే. పొలం లేనివాడు దీన్ని ఎలా పాటిస్తాడు? లోపలి సంగతి పట్టుకోండి: రాబడిని చివరి గింజదాకా పిండుకోకు, బీదవాడు వచ్చి కష్టపడి తీసుకునేలా కొంత వదులు. దానం చేతికివ్వడం వేరు, వాళ్లు పని చేసుకుని తలెత్తుకుని తీసుకెళ్లేలా చోటు ఉంచడం వేరు. మేస్త్రీగా ఉన్నవాడు ఒక చిన్న పనిని కొత్తగా నేర్చుకునే కుర్రాడికి వదలొచ్చు. కొట్టు ఉన్నవాడు బజారులో తోపుడుబండి అమ్మతో ధర తగ్గించమని గీచిగీచి బేరమాడటం మానొచ్చు. కౌలుకిచ్చినవాడు పంట పోయిన ఏడు కౌలు ముక్కుపిండి వసూలు చేయకుండా ఉండొచ్చు.

అన్వయం నోటుబుక్కులో రాసేటప్పుడు, "నేను ఇంకా ప్రేమగా ఉండాలి" లాంటి వాక్యాలు కొట్టేయండి. అవి ఎవరికీ హాని చేయవు, ఎవరికీ మేలూ చేయవు. ఎవరితో, ఏం, ఎప్పటిలోగా అని రాయండి. "పనమ్మాయి జీతం ఒకటో తారీకునే ఇస్తాను, ఈ నెలనుంచి." అది అన్వయం. రాసింది మీ గురించే అయి ఉండాలి. వాక్యం చదవగానే అత్తగారో పక్కింటావిడో గుర్తొస్తే, మళ్లీ మొదటినుంచి చదవండి. భార్యలు భర్తలకు లోబడాలన్న ఎఫెసీయులు 5:22ను భార్యకు చూపించే భర్త, తనకు రాసిన 25వ వచనం పూర్తిగా పాటించాకే ఆ వేలు ఎత్తాలి. ప్రాణం అప్పగించినంత ప్రేమ అని ఉంది అక్కడ. ఆ వచనాన్ని కొట్టడానికి లైసెన్సుగా వాడటం వాక్యాన్ని దొంగిలించడమే.

వచ్చిన అర్థం మీద అనుమానం ఉంటే మిగతా లేఖనం పక్కన పెట్టి చూడండి. విశ్వాసం ఉంటే మందులు మానేయాలి అన్న బోధ విని షుగరు మాత్రలు, టీబీ మందులు ఆపేసేవాళ్లు మన మధ్యే ఉన్నారు. విశ్వాసంతో చేసిన ప్రార్థన రోగిని బాగుచేస్తుందన్న యాకోబు 5:15 చూపిస్తారు. అదే బైబిల్లో పౌలు తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, త్రోఫిమును రోగంతో మిలేతులో విడిచి వచ్చానని రాశాడు, ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యాడని చెప్పాడు. వాళ్లెవరి విశ్వాసాన్నీ ఆయన తప్పుపట్టలేదు. ఒక్క వచనం మీద ప్రాణం పందెం పెట్టే బోధ ఏదైనా సరే, సాతాను యేసును మందిర శిఖరం మీదనుంచి దూకమంటూ 91వ కీర్తన చదివిన పద్ధతే అది. యేసు దానికి జవాబుగా, ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు అని ద్వితీయోపదేశకాండంలోంచి ఇంకో వాక్యం పక్కన పెట్టాడు. దయచేసి మందులు మానకండి.

అన్నీ ఒక్కసారే అర్థం కావు. పౌలు పత్రికల్లో గ్రహించడానికి కష్టమైన సంగతులున్నాయని పేతురే ఒప్పుకున్నాడు. ప్రశ్నగా రాసి పెట్టుకుని ముందుకు వెళ్లండి.

వచ్చే కూటానికి అందరూ ఫిలేమోను పత్రిక చదివి రావాలి. 25 వచనాలే, ఒక్క పేజీ. సోమవారంనుంచి రోజూ ఒకసారి, మధ్యలో ఆపకుండా, పైకి చదవండి. ఎడమ పేజీలో పేర్లన్నీ రాయండి. రెండో వచనంలో ఈ ఉత్తరం ఇంకా ఎవరెవరికి రాశాడో చూసి, ఫిలేమోను దీన్ని ఒంటరిగా చదువుకోగలిగాడా అని ఆలోచించండి. పౌలు ఆజ్ఞాపించగలిగీ ఎక్కడ బతిమాలుతున్నాడో గుర్తు పెట్టండి. ఫిలేమోను దాసుడైన ఒనేసిము తన యజమాని సొమ్ము దొంగిలించాడని మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. 18వ వచనం దగ్గర ఆగి, దొంగిలించాడని నిజంగా రాసి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. తర్వాత కొలొస్సయులు 4:9 తీసి ఆ పేరు వెతకండి. కుడి పేజీలో కనీసం ఐదు ప్రశ్నలుండాలి. అన్వయం గురువారందాకా రాయొద్దు. నోటుబుక్కులు తెచ్చుకోండి, మీ ప్రశ్నలతోనే మొదలుపెడదాం.